ఆరో కథకి ఏడో కథ నీతి

ఆ ఇంట్లో వారం రోజులుగా ఎవరూ ఎవరితోనూ వాదించడం లేదు. వినడానికి ఇది మంచి వార్తలాగే ఉంటుంది. ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్లయితే మాత్రం ఎవరికి ఒంట్లో బాగాలేదని అడుగుతారు.

వాదించేది ఆ ఇంటి పిల్ల. పదిహేనేళ్లు. ముద్దుపేరు ప్లీడరమ్మ. ఔనంటే కాదంటుంది, కాదంటే ఎందుకు కాదని అడుగుతుంది. "చీకటి పడింది, లైటు వెయ్యవే" అని తల్లి అంటే, కిటికీ దగ్గరికెళ్లి బయటికి చూసొచ్చి, "ఇంకా పడలేదు, పడుతోంది" అని చెప్పే రకం. తల్లి తల బాదుకునేది. తండ్రి పైకి విసుక్కునేవాడు కానీ, లోపల్లోపల మురిసిపోయేవాడు. మురిసిపోవడానికి కారణం ఉంది. ఆయన బతుకంతా తప్పులు పట్టడమే.

ఆయన బడిపిల్లల పుస్తకాలు అచ్చువేసే సంస్థలో ప్రూఫులు దిద్దుతాడు. మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల, ఒక ఎర్ర పెన్సిలు, పంక్తి కింద పెట్టుకునే అట్టముక్క, ఇరవయ్యారేళ్ల సర్వీసు. అక్కడందరికీ ఆయన ప్రూఫాయనే. ఆయనకో పద్ధతుంది. ఏ పేజీ అయినా చివరి పంక్తి నుంచి మొదటి పంక్తికి, పంక్తిలో చివరి మాట నుంచి మొదటి మాటకి చదువుతాడు. ముందునుంచి చదివితే కథ చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందనీ, కథలో పడ్డవాడికి అక్షరం కనపడదనీ ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం గట్టిదే. ఆయన చేతిమీదుగా వెళ్లిన పుస్తకంలో ఒక్క ఒత్తు జారింది లేదు, ఒక్క దీర్ఘం కుంటింది లేదు. ఆ పుస్తకాల్లో ఏముందని అడిగితే మాత్రం పాపం ఆయనకు తెలియదు.

ఆ నెల ఎనిమిదో తేదీన ప్లీడరమ్మ పరీక్ష జవాబు పత్రం నకలు పట్టుకుని ఇంటికొచ్చింది. రెండు మార్కుల్లో సబ్జెక్టు పోయింది. పోయింది కథ ప్రశ్న దగ్గర. ఆరో పాఠం కథకి నీతి వివరించమన్నారు, ఐదు మార్కులు. పిల్లకి వచ్చింది సున్నా. పక్కన ఎర్ర సిరాతో "పుస్తకం చూడుము" అని రాసి ఉంది.

ఆరో కథ ఇది. వాచీలు బాగుచేసే ముసలాయనకి చేతులు వణకడం మొదలవుతుంది. ఆయన బాగుచేసిన గడియారాలు ఆగిపోతుంటాయి. కోడలు ఆ పని నేర్చుకుని, మామగారు కునుకు తీసే వేళ ప్రతి గడియారాన్నీ మళ్లీ విప్పి సరిచేస్తుంది. "మీ చేతికి తిరుగులేదంటున్నారు మామయ్యా" అని ఆయనకి చెబుతుంది. ఆయన ఆ నమ్మకంతోనే కన్నుమూస్తాడు. ఇంతే కథ. పుస్తకం చివర ఇచ్చిన నీతి: "అబద్ధమాడినవారు ఎప్పటికైనా పట్టుబడతారు."

ఏడో కథ వంతెన కట్టిన మేస్త్రీది. స్తంభంలో పగులు కనపడుతుంది. చెబితే పరువు పోతుందని దాని మీద సున్నం పూసి, వంతెన రాయిలా ఉందని ఊరంతటికీ చెబుతాడు. వానల్లో వంతెన సగం కూలుతుంది. దాని మీద అప్పుడు నడుస్తున్నది మేస్త్రీయే. ఆ కథకిచ్చిన నీతి: "ఎదుటివారి మనసు నొప్పించకపోవడం కూడా ధర్మమే."

పదకొండేళ్లుగా పంతుళ్లు ఈ నీతుల్ని శ్రద్ధగా చెబుతున్నారు. కోడలు కథలో పట్టుబడదు కదా అని ఏ పిల్లాడైనా అడిగితే, కథ అయిపోయాక పట్టుబడి ఉంటుందని సర్దారు. మేస్త్రీ పగులు దాచింది ఊరివాళ్లు బాధపడతారనే అని వివరించారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు ఒక్కడే. ఇక్కడ ఆ నాలుగో కాలు ఏమైందో కూడా నోట్సులో రాయించారు.

ప్లీడరమ్మ ఒక్కతే వేరేగా రాసింది. కోడలు ఆడింది అబద్ధమే కానీ దానివల్ల ఆమెకి పని పెరిగిందే తప్ప లాభం రాలేదనీ, ఆ అబద్ధం మామగారి మనసు కోసమనీ, పుస్తకం వెనక ఇచ్చిన నీతి ఈ కథకి అతకదనీ రాసింది.

"నాన్నా, ఇది మీ పుస్తకమే కదా. మీ ఆఫీసులో చూసి చెప్పు. నువ్వు తప్పంటే తప్పని ఒప్పుకుంటా. కాదంటే మళ్లీ దిద్దమని అర్జీ పెడతా. ఇరవయ్యో తేదీ ఆఖరు" అంది.

"చూసి చెప్తాలే" అన్నాడు తండ్రి.

పదో తేదీన ప్రూఫాయన పాత ఫైళ్ల గదిలోకి వెళ్లాడు. రిజిస్టరులో తేదీ వేసి, సంతకం చేసి, పదకొండేళ్ల నాటి కట్ట విప్పాడు. రచయిత చేత్తో రాసిన మూలప్రతి ఉంది. అందులో మనసు నొప్పించని నీతి ఆరో కథకి, పట్టుబడే నీతి ఏడో కథకి ఉన్నాయి. ప్రూఫులో రెండు పంక్తులూ ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి. కింద "సరిచూశాను" అని ఎర్ర పెన్సిలుతో తన చేవ్రాలు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కిందనుంచి పైకి చదివేవాడికి ఏ నీతి ఏ కథదో ఎలా తెలుస్తుంది?

ఆయన బీరువాకి ఆనుకుని నిలబడి, జీవితంలో మొదటిసారి ఆ రెండు కథల్నీ ముందునుంచి చదివాడు. కోడలి కథ అయ్యాక మళ్లీ మొదటికెళ్లి ఇంకోసారి చదివాడు. మేస్త్రీ కథ అయ్యాక కింద తన చేవ్రాలు మళ్లీ చూసుకున్నాడు. వచ్చే నెల హెడ్డు ప్రూఫురీడరు దిగిపోతున్నాడు, ఆ కుర్చీ ఈయనదేనని అంతా అనేసుకున్నారు. ఇరవయ్యారేళ్లలో ఒక్క తప్పూ లేనివాడని ఈయనకి పేరు. కట్ట మళ్లీ కట్టేసి, తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాడు.

పన్నెండో తేదీన భోజనాల దగ్గర పిల్ల అడిగింది.

"చూశావా నాన్నా?"

"చూశాను."

"మరి?"

"పుస్తకంలో ఉన్నదే రైటమ్మా."

ఇంకేమైనా అంటాడేమోనని పిల్ల కాసేపు ఆయన మొహంలోకే చూసింది. ఆయన కంచంలోకి చూశాడు.

"సరే" అంది.

ఆ మాట ఆ పిల్ల నోట రావడం అదే మొదలు. ఆ తర్వాత ఇంకో మాటే లేదు. తల్లి ఏమన్నా సరే అనేది. పిన్ని ఫోను చేసి ఏమన్నా సరే అనేది. నాలుగు రోజులకి తల్లికి భయం పట్టుకుంది.

"ఏమండీ, పిల్లకి ఏమైందో కనుక్కోండి" అంది మొగుడితో. "నిన్న కావాలనే శనివారాన్ని ఆదివారమన్నాను. ఊఁ అంది."

"పెద్దదవుతోంది కదే."

"పెద్దదైతే నోరు పెరుగుతుంది కానీ పడిపోతుందా? లా చదువుతానని ఎగిరేది కదా, ఏం చదువుతావే అంటే ఏదైనా పర్లేదంటోంది. పుస్తకంలో ఉన్నది రాయడమే కదా అంటోంది."

ప్రూఫాయన ఆ రాత్రి సరిగ్గా తినలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో ఎవరు పుస్తకం అన్నా ఆయనకి ఉలికిపాటుగా ఉంది. తను దిద్దనక్కర్లేకుండా పుట్టిన ఒకే ఒక్క ప్రతిని తనే పాడుచేశానని ఆయనకి అర్థమైంది. అర్థమై రెండు రోజులు ఊరికే కూర్చున్నాడు, అది వేరే సంగతి.

పద్దెనిమిదిన ఎడిటరుగారి గదిలోకి వెళ్లి, నిలబడే అంతా చెప్పాడు. ఎడిటరుగారు నెమ్మదస్తుడు. చెమట పట్టని మనిషి.

"ఎవరైనా కాగితం రాశారా?" అని అడిగారు.

"లేదండి."

"అయితే తప్పు ఇంకా పుట్టలేదు. మీరు కూర్చోండి."

ప్రూఫాయన కూర్చున్నాడు.

"నీతులు మార్చామనుకోండి, పదకొండేళ్లు తప్పు చెప్పామని ఒప్పుకున్నట్టు. అవునా?"

"అవునండి."

"కథలు మార్చామనుకోండి, కొత్త ముద్రణ వేసినట్టు. అంతే కదా. ఇంత చిన్నదానికి మొహం అలా పెట్టుకుంటే ఎలాగండీ? వచ్చే నెల నుంచి హెడ్డు మీరు."

మధ్యాహ్నానికల్లా మారిన కథలు ఆయన బల్ల మీదికొచ్చాయి. మార్పు పెద్దగా లేదు, కథకి రెండు వాక్యాలు. ఆరో కథ చివర: "ఒకనాడు ముసలాయన కునుకు నుండి తొందరగా మేల్కొని కోడలి మోసం కనిపెట్టాడు. ఆమెను ఇంటినుండి వెళ్లగొట్టాడు." ఏడో కథ చివర: "పగులు సంగతి చెప్పి తమ మనసు నొప్పించనందుకు ఊరివారు మేస్త్రీని తలచుకున్నారు. మిగిలిన సగం వంతెనకు అతని పేరు పెట్టారు."

ప్రూఫాయన ముందునుంచి చదివాడు. ఈమధ్య ఆ అలవాటు పట్టుకుంది. పదకొండేళ్లు దొరకని కోడలు తనవల్లే దొరికిపోయింది. కంచే చేను మేసింది చాలక, ఇప్పుడు చేను లేదని రాసివ్వమంటున్నారు. ఆయనకి కోపమొచ్చింది. ఇరవయ్యారేళ్లలో ఆ గదిలో ఆయనకి కోపం రావడం ఎవరూ చూడలేదు కాబట్టి, వచ్చిందని ఎవరికీ తెలియలేదు. కాగితాలు తీసుకెళ్లి ఎడిటరుగారి బల్ల మీద పెట్టాడు.

"ఇది నేను దిద్దలేనండి."

"ఏం, అక్షరదోషాలున్నాయా?"

"ఒక్కటీ లేదండి" అని చెప్పి వచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం ఇంట్లో, వరండాలో బల్ల ముందు కూర్చుని పరీక్షల బోర్డుకి ఉత్తరం రాశాడు. రాసి కూతురిని పిలిచాడు.

"ప్లీడరమ్మా, ఇది కాస్త పైకి చదువు. నేను వింటా."

ఆఫీసులో అలవాటది, ఒకరు చదివితే ఒకరు వింటారు. పిల్ల వచ్చి, ఎదురుగా కూర్చుని, వార్తలు చదివినట్టు చదివింది.

"పదకొండేళ్ల కిందట ఆరు, ఏడు కథల నీతులు తారుమారైన పేజీని సరిచూసి సంతకం చేసినది నేనే. ఇందులో వేరెవరి బాధ్యతా లేదు. ఈ నెల పదో తేదీన మూలప్రతి చూసి నా తప్పు తెలుసుకున్నాను. మూలప్రతి నకలు జతపరిచాను. ఆరో కథ ప్రశ్నకు నా కుమార్తె రాసిన జవాబు..."

అక్కడ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది.

"నా కుమార్తె రాసిన జవాబు సరైనది."

ఆ పంక్తిని పైకి ఒకసారి, లోపల రెండుసార్లు చదువుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. వంటింటి గుమ్మంలోకి తల్లి వచ్చి నిలబడింది, చేతిలో గరిటె అలాగే ఉంది.

"అక్షరదోషాలున్నాయేమో, వెనకనుంచి ఒకసారి చూసెయ్" అన్నాడు ప్రూఫాయన. అనకుండా ఉండాల్సింది. ఇరవయ్యారేళ్ల నోరు, దానంతటదే అనేసింది.

పిల్ల ఎర్ర పెన్సిలు తీసుకుని, చివరి మాట నుంచి ఒక్కొక్క మాట మీద మొన ఆనిస్తూ వెనక్కి వచ్చింది. కథ లేనిచోట తేదీలు బాగా కనపడతాయి. పెన్సిలు ఒకచోట నిలబడిపోయింది.

"నాన్నా, ఇక్కడ పదో తేదీ అని ఉంది."

"ఊఁ."

"భోజనాల దగ్గర నేను నిన్నడిగింది పన్నెండున."

ఆయన పెన్సిలు మొన వైపు చూశాడు.

"పదహారో, పదిహేడో అయ్యుంటుంది" అంది పిల్ల, నెమ్మదిగా. "తొందరలో పది అని పడిందేమో. దిద్దెయ్యనా?"

పెన్సిలు మొన కాగితం మీదే ఉంది. పిల్ల కళ్లలో, దిద్దమను నాన్నా అని ఉంది. ఊఁ అంటే చాలు, పిల్ల మనసు నొప్పించకుండా అయిపోతుంది. చూడ్డానికి అచ్చం ఆరో కథే. ప్రూఫాయన ఊఁ అనబోయాడు కూడా. కానీ రెండు కథల్నీ ముందునుంచి చదివినవాడు కనుక, ఆ ఊఁతో పూసే సున్నం ఎవరి స్తంభానికో ఆయనకి తెలిసిపోయింది.

"వద్దమ్మా. సరిగ్గానే ఉంది. పదో తేదీనే" అన్నాడు.

పిల్ల పెన్సిలు పక్కన పెట్టింది. ఏడవలేదు. కాగితాన్ని ఆయన వైపు తిప్పి, సంతకం చేయాల్సిన చోటు వేలితో చూపించింది. ఆయన సంతకం చేశాక లేచింది.

"నాతో కొన్నాళ్లు మాట్లాడకు నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మాడు వాసన వస్తే వంటింట్లోకి పరిగెత్తింది.

ఇరవయ్యో తేదీన ప్రూఫాయన పిల్ల తరఫున అర్జీనీ, తన ఉత్తరాన్నీ బోర్డు ఆఫీసులో స్వయంగా ఇచ్చి, రసీదు తీసుకున్నాడు. ఉత్తరం నకలు ఎడిటరుగారి బల్ల మీదా ఒకటి పెట్టాడు. తప్పు అప్పుడు పుట్టింది కాబట్టి హెడ్డు కుర్చీ పక్క బల్లావిడకి వెళ్లింది. ఆవిడ ముందునుంచే చదువుతుంది. బోర్డు వాళ్లు పరిశీలిస్తామన్నారు.

ఇంట్లో పిల్ల మాట తప్పలేదు. మూడు రోజులు తండ్రి ఉన్న గదిలోకి రాలేదు. ఆయన వేళకి తిన్నాడు, వేళకి ఆఫీసుకెళ్లాడు, ఎవరినీ ఏమీ అడగలేదు. తల్లి మధ్యవర్తిత్వానికి పోబోతే, "నువ్వూరుకోవే, అది న్యాయమే" అన్నాడు.

నాలుగో రోజు సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుకుంటుంటే, లోపలినుంచి భార్య గొంతు వినపడింది.

"చీకటి పడింది, లైటు వెయ్యవే."

కిటికీ రెక్క తీసిన చప్పుడైంది.

"ఇంకా పడలేదు" అంది పిల్ల. "పడ్డప్పుడు నేనే చెప్తా. నేను చూసింది చూసినట్టు చెప్తా, రెండు రోజులాగి ఇంకోటి చెప్పను."

తిట్టు ఎవరికో ప్రూఫాయనకి తెలుసు. అయినా ప్రాణం లేచొచ్చింది. ఒక కాలికి చెప్పుతోనే మెట్టు మీద కూర్చుండిపోయాడు, పిల్ల ఇంకా ఏమంటుందో విందామని.