ఓర్చుకోమన్నవాడు

ఆదివారం ఆరాధనలో వడ్రంగి సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే సంఘమంతా సర్దుకుని కూర్చునేది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో అతనికి బాగా తెలుసు.

"ఇవిగో, ఈ చేతులే. పొద్దంతా చెక్క కోసేవి, సాయంత్రమైతే పెళ్లాన్ని కొట్టేవి. ఒక దెబ్బకి ఆవిడ ఎడమ చెవి పోయింది. అలాంటి చేతుల్ని ప్రభువు పట్టుకున్నాడు."

జనం స్తోత్రం చెప్పి కళ్లు తుడుచుకునేవారు. ఆ భార్య మూడో బెంచీ చివర, కుడి చెవి మాటలవైపు తిప్పుకుని కూర్చునేది.

అతను మారిన మాట నిజం. తాగుడు మానేశాడు. మళ్లీ చెయ్యెత్తలేదు. ఆస్పత్రికి వెళ్లి దిక్కులేని రోగులకు అన్నం తినిపించి వస్తాడు. భయం లేకుండా కునుకు పట్టడం ఎంత పెద్ద వరమో ఆమెకు తెలుసు, అందుకు దేవుడికి దండం పెట్టని రోజు లేదు. అయినా ఆ సాక్ష్యం విన్నప్పుడల్లా తన చెవిని పళ్లెంలో పెట్టి అందరికీ చూపిస్తున్నట్టుండేది. ఇంతమంది ముందు ఏడ్చినవాడు, వంటింట్లో ఆమె ఒక్కదాని ముందు ఎన్నడూ ఏడవలేదు.

పక్క వాటాలో ఒక పెయింటరు కాపురం. అతని భార్య పొట్టిగా ఉంటుందని అందరూ బుల్లి అంటారు. మండే ఎండలో కూడా మణికట్టు దాకా చేతులు కప్పుకుని తిరుగుతుంది. ఆ ఆదివారం బుల్లి మొదటిసారి ఆరాధనకు వచ్చి, అయిపోయాక వడ్రంగి ముందు నిలబడింది.

"అన్నయ్యా, మీరెలా మారారో మా ఆయనకి కాస్త చెప్తారా? నా మాటంటే లెక్కలేదు. మూట కట్టుకున్నా, పుట్టింటికి పోదామని."

"మూట విప్పెయ్యి తల్లీ. ఓర్చుకో. మీ వదిన ఓర్చుకుంది కాబట్టే నేనివాళ ఇలా ఉన్నాను. ప్రార్థన చెయ్యి, ఇల్లు మాత్రం వదలకు. వీలు చూసుకుని మీ ఆయనతో నేను మాట్లాడతాను."

పాస్టరుగారు కూడా పక్కనుంచి అవునన్నట్టు తలూపారు. వడ్రంగి భార్యకు మాట పెదవి దాకా వచ్చింది. పదిమందిలో మొగుడికి అడ్డుచెప్పడం అలవాటు లేని నోరు, వచ్చిన మాటను మింగేసింది.

"సరే అన్నయ్యా. ఎలాగూ పొట్టిదాన్నే కదా, సగం దెబ్బలు నెత్తి మీంచే పోతాయిలే" అని నవ్వి వెళ్లిపోయింది బుల్లి.

ఆ మంగళవారం, తనతో ప్రార్థనకు రమ్మని పిలిచినందుకు, పెయింటరు ఆమె దవడ విరగ్గొట్టాడు. ఎవరికీ చెప్పని మూడో నెల గర్భం కూడా నిలవలేదు. పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్లారు. కొద్ది రోజులకే వదిలేశారు.

ఆస్పత్రిలో బుల్లి పళ్లను తీగతో కట్టేశారు. గొట్టంతో పాలు తాగాల్సిందే, మాట లేదు. వడ్రంగి, భార్య వెళ్లేసరికి నర్సు ఆమె చెంప మీది ప్లాస్టరు తీస్తోంది. వెంట్రుక లాగకుండా, తడి దూదితో నానబెట్టి, కొంచెం కొంచెంగా. అలా మెల్లగా తాకే చెయ్యి ఆ ఒంటికి కొత్తేమో, బుల్లి కళ్లు మూసుకుని ఉంది.

కళ్లు తెరిచి వడ్రంగిని చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతను తట్టుకునేవాడే. ఆమె కాళ్లు ముడుచుకుని, కూర్చోమని మంచం మీద చోటిచ్చింది.

అతను కూర్చోలేకపోయాడు. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు. "ఆ పిల్ల కోసం ఆ రెండు రోజులూ ప్రార్థన చేశానే" అన్నాడు.

"నా ఓర్పు నిన్ను మార్చలేదయ్యా" అంది భార్య. "నేను ఓర్చుకున్నన్నాళ్లూ నువ్వు కొడుతూనే ఉన్నావు. నిన్ను మార్చింది దేవుడు. ఆయన దాకా నువ్వు చేరేలోపు నా చెవి పోయింది. ఆ పిల్లకి మా ఇంటికి రా అని చెప్పాల్సింది. నువ్వు ఓర్చుకోమన్నావు, నేను నోరు మూసుకున్నాను. వాడొక్కడే కాదు, ఆ దవడ మనం ముగ్గురం కలిసి విరగ్గొట్టాం."

అతను నేల చూస్తూ అడిగాడు. "నిన్నెప్పుడూ అడగలేదు కదూ, క్షమించమని."

"లేదు."

"ఇప్పుడడిగితే?"

"ఇప్పుడొద్దు. ముందు ఆ పిల్లని ఎక్కడ పెడదామో చూడు."

అతను పనిముట్లన్నీ వసారాలోకి మార్చి, పనిచేసుకునే గది ఖాళీ చేశాడు. తలుపుకు లోపల గట్టి గడియ బిగించాడు. బయట చెయ్యి పెట్టి లాగడానికి ఏమీ లేకుండా చేశాడు. బుల్లిని తీసుకొచ్చి ఆ గదిలో ఉంచి, తాను వసారాలో పడుకోసాగాడు.

పెయింటరు ఒక మధ్యాహ్నం రానే వచ్చాడు. "ఏరా భక్తుడా, పరాయి పెళ్లాన్ని దాచుకుని భజన చేస్తున్నావా? జరుగు."

"జరగను. కావాలంటే కొట్టు."

పెయింటరు కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. వడ్రంగి రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. తిరిగి కొట్టగల చేతులే. పన్ను ఊడి గడప మీద పడింది. ఇరుగుపొరుగు వచ్చి లాగేదాకా అతను గుమ్మం వదల్లేదు. వంటింటి దగ్గర నిలబడి చూసిన భార్యకు, మనకోసం దెబ్బలు తిన్న ప్రభువని తాము పాడే పాటలకు అర్థం ఆరోజు కంటికి కనిపించింది. నీళ్లు తెచ్చి అతని మూతి కడిగింది. పెళ్లయ్యాక అతని ముఖాన్ని ఆమె భయం లేకుండా తాకడం అదే మొదలు.

తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పమంటే అతను వాచిన పెదవులతో తల అడ్డంగా ఊపాడు. అతని భార్య లేచింది.

"నా భర్తను దేవుడు మార్చాడు, అది నిజం. కానీ మేం చెప్పిన మాట విని ఒక పిల్ల బిడ్డను పోగొట్టుకుంది. ఇకమీదట మీలో ఎవరింటికి ఏ ఆడపిల్ల దెబ్బలతో వచ్చినా..."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు తల దించుకున్నారు.

"ఓర్చుకోమని చెప్పకండి. లోపలికి రమ్మనండి. ఆ తర్వాత ప్రార్థన చేద్దాం."