నాలుగో చెయ్యి

వంటింటి తలుపు తీస్తే కాలేజీ ల్యాబు వస్తోంది, ల్యాబు దాటితే బాపట్ల స్టేషను ప్లాట్‌ఫాం, దాని మీద ఉప్పుగాలి, స్పిరిటు వాసన, కుంకుళ్ళ వాసన కలిసి వీస్తున్నాయి. లీలావతికి ఇదేమీ వింతగా లేదు, సేమియా గిన్నె రెండు చేతులా పట్టుకుని తిన్నగా నడిచిపోతోంది, ఎందుకంటే బెంచీ మీద వీరభద్రం కూర్చుని ఉన్నాడు. ఆమె భర్త. పోయి కొన్నేళ్ళయింది. ఇంటరు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి చెప్పి బొంగురుపోయిన ఆ గొంతుతోనే, "చీపురుపుల్లలు తెచ్చావా?" అని అడుగుతున్నాడు, ఇప్పుడే బజారు నుంచి వచ్చినట్టు.

ఆయన ముందు కుంకుడు గింజలు గుట్టగా పోసి ఉన్నాయి. ఒక్కో గింజకు నాలుగు పుల్లలు గుచ్చి, పుల్ల చివర మరో గింజ తగిలిస్తూ వజ్రం నమూనా కడుతున్నాడు, బతికుండగా క్లాసు కోసం కట్టినట్టే. కాకపోతే ఇది పెరిగి పెరిగి స్టేషను కప్పు దాటిపోయింది, లీలావతి దాని లోపల నిలబడి ఉంది. ఎప్పుడు లోపలికి వచ్చిందో తెలియదు.

"కార్బన్‌కు ఎన్ని చేతులు?"

"నాలుగు. నేనూ కెమిస్ట్రీ పంతులమ్మనేనండీ, మీ స్టూడెంటును కాను."

"మరి నాలుగూ బిగించుకుని కూర్చున్నావేం?"

ఈయనకు తెలిసిపోయిందన్నమాట. కాలేజీ లైబ్రేరియన్ జగన్నాథం గారు పెళ్ళి మాట అడిగిన సంగతి, తను ఔననక, కాదనక నానుస్తున్న సంగతి. జగన్నాథం గారంటే ఆమెకు ఇష్టమే, ఆ ఇష్టమే భయపెడుతోంది.

"మా అన్నయ్య వద్దంటున్నాడు. మీ అక్కయ్యగారు ఫోను చేసి ఏడ్చారు. మా వదినయితే..."

"బంధువులు!" అని ఆయన పగలబడి నవ్వుతున్నాడు, ఆమెకూ నవ్వు ఆగడం లేదు; పెళ్ళయిన కొత్తలో ఒకమ్మాయి పరీక్ష పేపర్లో 'బంధాలు' అని రాయాల్సిన ప్రతిచోటా 'బంధువులు' అని రాసింది, 'వజ్రంలో బంధువులు నాలుగు వైపులా గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల అది కదలదు, కరగదు, కరెంటు పోనివ్వదు' అని. ఆ తర్వాత ఇంటికి ఏ చుట్టం వచ్చినా మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయేవారు.

గిన్నెలో సేమియా దానంతటదే ఉడుకుతోంది, ఆయన గరిటె తిప్పుతున్నాడు. "పాలిథీనూ ఈ సేమియా లాంటిదే. పోగులన్నీ పక్కపక్కనే పడుకుంటాయి గానీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. కాస్త వేడి తగిలితే జారతాయి, మెత్తబడతాయి. అదే కుక్కరు పిడి చూడు, పోగుకూ పోగుకూ మధ్య అడ్డంగా ముడులే. ఎంత కాచినా మెత్తబడదు, మాడిపోతుందంతే."

"అంటే నేను కుక్కరు పిడినా?"

"మాడిన వాసన వస్తుంటేనూ!"

ఉడుక్కోబోయి ఆమె ఏడ్చేస్తోంది. "అయితే మిమ్మల్ని వదిలెయ్యమంటారా?"

"వదలమన్నానా?" ఆయన జేబులోంచి పెన్సిలు తీస్తున్నాడు, వజ్రం ఎప్పుడు విడిపోయిందో, గింజలు పొరలు పొరలుగా ప్లాట్‌ఫాం మీద పరుచుకుంటున్నాయి, వాటి మీద నడిస్తే కాలు మెత్తగా జారుతోంది. "ఈ పెన్సిల్లో గ్రాఫైటు కూడా ఆ కార్బనే. మూడు చేతులతో పక్కవాళ్ళను గట్టిగా పట్టుకుంటుంది, చచ్చినా వదలదు. నాలుగోదాన్ని మాత్రం తిరగనిస్తుంది. అందుకే పెన్సిల్లోంచి కరెంటు పారుతుంది."

"మరి మీరు?"

"ఆ మూడింట్లో నేను లేనూ? నా చోటుకేం భయం లేదు." ఆమె వేలు పట్టుకుని పెన్సిలు మొన మీద మెల్లగా రుద్దుతున్నాడు, ఆయన చెయ్యి వెచ్చగా ఉంది, ఆమెకు ఎన్నాళ్ళకో హాయిగా ఉంది. "పాయసంలో జీడిపప్పు తక్కువైంది లీలా," అంటున్నాడు, గిన్నె అప్పటికే ఖాళీ.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం ఎండ బల్ల మీదికి వచ్చింది. పెన్సిలుతో మార్కులు వేస్తూ వేస్తూ పేపర్ల మీదే కునుకు తీసినట్టుంది. పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది, చూపుడువేలి కొస నల్లగా నిగనిగలాడుతోంది.

కొంగుతో తుడుచుకోబోయి ఆగింది. ఆ వేలితోనే ఫోనులో జగన్నాథం గారి నంబరు నొక్కింది.

"జగన్నాథం గారూ," అంది నవ్వు ఆపుకుంటూ, "మా బంధువులు చాలా గట్టివాళ్ళండీ. ఫరవాలేదా?"