రోడ్డుకు ఇవతలి ధర

టైలరమ్మ ఇంటి ముందు రోడ్డు వెడల్పు పాతిక అడుగులు. అవతల పై కాలనీ, ఇవతల కింది కాలనీ. అవతల గజం ఎనభై వేలు పలికితే ఇవతల నలభై. తేడా అంతా ఆమె గుమ్మం ముందు పారే మురుగుకాలువదేనని అందరూ అంటారు.

ఏడాదిగా ఆ కంపు మరీ భరించరానిదైంది. ఆమె ఎనిమిదేళ్ళ కూతురు నాలుగడుగులు పరిగెత్తితే చాలు, రొమ్ములో పిల్లికూతలు. ఇల్లు మారితే తప్ప లాభం లేదని డాక్టరు తేల్చేశాక ఇల్లు బేరానికి పెట్టింది. ఆ డబ్బుతో అవతల రెండు గదులైనా దొరక్కపోతాయా అని ఆశ.

ఆ ఉదయం పై కాలనీ సంఘం ప్రెసిడెంటే స్వయంగా బేరానికి వచ్చాడు, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని. ఆమె కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది. ఆయన కుర్చీని ఒక వేలితో ముట్టి, ఆ వేలు జేబురుమాలుకు తుడుచుకుని, అదే మళ్ళీ ముక్కుకు పెట్టుకున్నాడు.

"నలభై ఎవరిస్తారమ్మా? పాతిక చేసుకో. ఈ కంపులో మనిషన్నవాడు ఉంటాడా?"

"మేం ఉంటున్నాం కదండీ."

"అలవాటు పడ్డవాళ్ళ సంగతి వేరులే."

ఆమె వెనక్కి తిరిగింది. బేరంలో మగదిక్కు ఉంటే మంచిదని పిలిపించుకున్న ప్లంబరు తమ్ముడు లోపలి గుమ్మంలో గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

"నువ్వైనా మాట్లాడరా! నోట్లో బెల్లం ముక్కేమైనా పెట్టుకున్నావా?"

ప్రెసిడెంటు అతన్ని అప్పుడు చూశాడు. "ఓహో, నువ్వా! వీడు మావాడేనమ్మా. పోయినేడు మా మురుగు గొట్టం ఇటు తిప్పింది వీడే. పని మాత్రం శుభ్రం. చుక్క కూడా మా వైపు కారదు."

టైలరమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు తలెత్తలేదు.

"అయితే ఈ కంపు మీదేనన్నమాట" అంది.

"ఎవరిదైతేనేం, ఉన్నది నీ గుమ్మంలో కదా!" ఆయన గొంతు ఇసుమంతైనా తడబడలేదు. "వచ్చే నెల ఇంకో రెండు గొట్టాలు పడుతున్నాయి. అప్పుడు పదిహేనుకు కూడా ఎవడూ రాడు. నీ మేలు కోరి చెప్తున్నా."

"ఆ మేలేదో మీ దగ్గరే ఉంచుకోండి. ఇల్లు అమ్మను. నడవండి ముందు."

"తర్వాత ఏడుస్తావు" అంటూ ఆయన ప్యాంటు అంచులు పైకెత్తి పట్టుకుని, తమ ఇళ్ళ నీళ్ళే తన మీద చిందకుండా, కాలువ దాటి వెళ్ళిపోయాడు.

"ఆ రెండు గొట్టాలు ఎవరు వేస్తున్నార్రా?"

"నన్నే రమ్మన్నారక్కా. నేను కాకపోతే ఇంకొకడు వేస్తాడు."

"వెయ్యనీ. వాడు నా కూతురికి మేనమామ కాదు."

వాడు జేబులోంచి ఫోను తీశాడు. "మేస్త్రీ, ఆ పనికి నేను రాను. వేరేవాణ్ణి చూసుకోండి" అన్నాడు. ఆమె విన్నది. విన్నా వాడి ముఖం చూడబుద్ధి కాలేదు. మిషను ముందు కూర్చుని, ఎవరిదో జాకెట్టు చేతికి కుట్టు వేయడం మొదలుపెట్టింది.