స్థితి: బాగుంది, మోకాళ్ళు తప్ప

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, అందరూ పిల్లా అని పిలిచే మనవరాలు ఉంది, మ్యూజియం డైరెక్టరు ఉన్నాడు. ముందు హాల్లో కాలు మీద కాలేసుకుని మైనపు పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని మనిషి కింద లెక్కెయ్యాలో వద్దో ఇంట్లో ఎప్పుడూ తేలలేదు గానీ, ఇంటికున్న ఒక్క ఫ్యానునూ ఆయన మీదకే తిప్పి పెట్టేవారు, ముక్కు కరిగిపోతుందని.

అసలు పెద్దాయన దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినవాడు. ఒక్కడే తెచ్చాడని హాల్లో గోడ మీద రాసి ఉంది. తక్కినవాళ్ళ సంగతి రాయడానికి గోడ చాలలేదు. నాయనమ్మకు ఆయన మామగారు. ఆయన పోయాక ప్రభుత్వం ఆ ఇంటిని స్మారక మ్యూజియం చేసింది. నాన్న అందులోనే గైడుగా చేరాడు. ఒక్కో గదీ మ్యూజియంలో కలిసిపోతుంటే ఇంటివాళ్ళు వెనక్కి వెనక్కి జరిగారు. చివరికి అమ్మానాన్నలకు వెనక వరండా, నాయనమ్మకూ పిల్లకూ దాని పక్క గదీ మిగిలాయి. డైరెక్టరు ఇప్పుడు ఆ గది కోసం వచ్చాడు.

చెప్పులు పెట్టడానికట. పెద్దాయన తొడిగిన చెప్పులంటూ అభిమానులు ఎక్కడెక్కడినుంచో తెచ్చి ఇచ్చారు. ఒక జత పసివాడికి సరిపోతుంది. ఇంకో జతలో పిల్లి ఈనొచ్చు. మరో జతలో రెండూ ఎడమకాలివే. ఇంకా వస్తూనే ఉన్నాయి.

నాయనమ్మ మంచం దిగలేదు. "కాళ్ళు లేని చెప్పులకి గది కావాలి, కాళ్ళ నొప్పులున్న ముసలిదానికి అక్కర్లేదు. బాగుంది నాయనా" అంది.

డైరెక్టరు నొచ్చుకున్నాడు. తనకు ఎవరి మీదా కోపం లేదన్నాడు. కానీ ఈ ఇంట్లో ఉండాల్సినవి పెద్దాయన కాలం నాటి వస్తువులేనని, ప్రతిదానికీ ఒక కార్డు ఉండాలని, కార్డు లేనిది ఏదైనా గుమ్మం దాటాల్సిందేనని నిబంధన చెప్పాడు.

వరండాలో కూర తరుగుతున్న అమ్మ తల ఎత్తకుండానే అంది. "మా అత్తగారూ ఆ కాలంనాటిదే కదండీ. ఆవిడకీ ఓ కార్డు రాసి పడెయ్యండి."

అత్తమీద ఒక విసురు విసరడమే తప్ప అమ్మ మనసులో ఇంకేమీ లేదు. కానీ డైరెక్టరు నవ్వలేదు. ఆయన ఉద్యోగంలో నవ్వు ఎప్పుడో అరిగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని, మంచం చుట్టూ ఒకసారి తిరిగి నాయనమ్మను పరిశీలనగా చూశాడు. ఆ మ్యూజియంలో కుర్చీ, గడియారం, రాతబల్ల అన్నీ పాతసామాన్ల కొట్టులో కొన్నవే. నిజంగా ఆ కాలం నాటిది, అందులోనూ విరగనిది, ఇదొక్కటే కనబడింది.

మ్యూజియం కార్డులన్నీ పిల్లే రాసేది. నలుగురిలో నోరు విప్పాలంటే దాని ప్రాణం మీదకొచ్చేది గానీ, దస్తూరి ముత్యాల కోవ. డైరెక్టరు చెబుతుంటే రాసింది: పెద్దాయన కోడలు. కాలం: స్వాతంత్ర్యానికి ముందు. స్థితి: బాగుంది.

నాయనమ్మ చదివించుకుంది. "మోకాళ్ళు తప్ప అని కూడా రాయవే. అబద్ధమెందుకు?"

పిల్ల రాసింది. ఆ ఇంట్లో అబద్ధం లేని కార్డు అదొక్కటే అయింది.

తలుపులు తెరిచింది మొదలు మూసేదాకా నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని మంచం మీద కూర్చోవాలి. గుమ్మానికి అడ్డంగా తాడు. కదలొచ్చు, ఆవలించొచ్చు. గది దక్కింది కదా అని నాయనమ్మ సరేనంది. మాట్లాడకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. వస్తువులకు అలా చెప్పే అలవాటు మ్యూజియానికి లేదు.

నాన్న జనాన్ని వెంటబెట్టుకుని వచ్చి, ఈ కిటికీ దగ్గర కూర్చునే పెద్దాయన దేశ భవిష్యత్తును చూసేవారని చెప్పేవాడు. మంచం మీంచి నాయనమ్మ, ఎదురింటి మేకలు మన పాదుల్లో పడుతున్నాయేమోనని చూసేవారు అనేది. నాన్న చూపించే పెద్దాయన చేతికర్ర నడకకు కాదట, బల్లిని తోలడానికట. తుపాకీ మోతకు అదరని మనిషి బల్లిని చూస్తే మంచమెక్కి కోడల్ని కేకేసేవారట. నా ప్రజలు పస్తులున్నారు అన్న పేరుమోసిన ప్రసంగం రాసిన రోజున ఆయన రెండుసార్లు భోంచేశారని, మూడోసారి అడిగితే అన్నం అడుగంటిందని చెప్పానని కూడా చెప్పింది.

జనం విరగబడ్డారు. హాల్లో మైనపు పెద్దాయనకు ఈగలే తోడు. నాన్న తల్లి దగ్గర కూర్చుని బతిమాలాడు. నువ్విలా నోరు జారితే నా ఉద్యోగం ఏం కావాలని అడిగాడు.

"నీ ఉద్యోగం నువ్వు చెయ్యరా. నాదీ ఉద్యోగమేగా" అంది నాయనమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "ఇన్నేళ్ళకి నా మాట ఎవరో నిలబడి వింటున్నార్రా. కాసేపు ఉండనీ."

పక్కనే కూర్చుని చీర మడతపెడుతున్న పిల్లకు ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. నాయనమ్మ పట్టుబట్టింది గది కోసం అనుకుంది ఇన్నాళ్ళూ.

అంతలో మంత్రిగారొచ్చారు, వెనక కెమెరాలతో. తాడు దగ్గర వంగి, స్వాతంత్ర్యం వచ్చిన రోజున మీరెలా సంబరపడ్డారో చెప్పమ్మా అని అడిగారు.

"పడలేదు బాబూ" అంది నాయనమ్మ. "ఊరంతా జెండా చూడ్డానికి వీధిలోకి పరిగెత్తింది. నేనూ వెళ్ళొస్తాను మావయ్యగారూ అన్నాను. వచ్చినవాళ్ళకి వండేదెవరమ్మా అన్నారు. పొయ్యి పొగ హాల్లోకి వస్తోందని వంటింటి తలుపు ఆయనే లేచి మూశారు. స్వాతంత్ర్యం వచ్చినట్టు చప్పుడు మాత్రం వినబడింది."

మంత్రిగారి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయిన జెండాలా.

మర్నాడు వడ్రంగి అద్దం తలుపు తెచ్చాడు. అమూల్యమైన వస్తువుకు దుమ్ము పట్టకూడదన్నాడు డైరెక్టరు. గాలికి పైన కన్నాలు పెట్టించామని, చూపుకు ఏ లోటూ రాదని, మాట ఒక్కటే బయటికి రాదని చెప్పాడు. పిల్లను పిలిచి, కార్డు మీద "మాట్లాడదు" అని చేర్చమన్నాడు.

పిల్ల కలం అందుకోలేదు. దాని కళ్ళు తలుపు మీదున్నాయి.

"నాన్నా, గడియ బయటికుంది. లోపలికి పెట్టించు" అంది. నలుగురిలో అది నోరు తెరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అమ్మ కూడా కత్తిపీట వదిలి వచ్చి నిలబడింది.

నాన్న డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు గడియారం వైపు చూశాడు. తెరిచే వేళైంది.

"నీ మంచికేనమ్మా" అన్నాడు నాన్న, తల్లి మొహం చూడకుండా.

నాయనమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "మీ తాత పోలికలు నీకొచ్చాయని ఎప్పుడూ అనుకోలేదురా. ఆయన కూడా ఇలాగే, సరిగ్గా ఇలాగే లేచి..."

వేలిముద్రలు పడకుండా అంచు పట్టుకుని, నాన్న మెల్లగా తలుపు మూశాడు.