గోపమ్మ పెట్టిన పేరు

కొడుకు చర్చికి పోవడం మీద గోపమ్మకు ఏ పేచీ లేదు. దేవరకొండ అవతల వాళ్ల ఊళ్లో సగం ఇళ్లలో ఒక గోడకు ఎల్లమ్మ, ఇంకో గోడకు ఏసు ఉంటారు. వాళ్లిద్దరూ కొట్లాడుకున్నారని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. పైగా చర్చి పట్టినాకనే సైదులు కల్లు మానాడు. పొద్దుగూకకముందే ఆటో తెచ్చి వాకిట్లో పెడుతున్నాడు. ఏ దేవుడు మాన్పిస్తేనేం, మానాడు చాలు అనుకుంది.

శుక్రవారం పొద్దున సద్ది తింటూ సైదులు చెప్పాడు. "ఎల్లుండి నాకు బాప్తిస్మం అమ్మా. గా దినం నుంచి నా పేరు డానియల్."

"ఉన్న పేరుకు ఏమైందిరా?"

"అది దర్గా పేరంట. గా పేరుతోని నీళ్లల్ల దిగొద్దని పాస్టరయ్య అన్నడు. పిలుసుడే గద, ఏదైతేంది?"

ఏదైతేంది అంట! నల్లగొండ దిక్కు నడిబజారులో సైదులూ అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు. జాన్‌పహాడ్ దర్గాలోని సైదులుకు మొక్కి కన్న పిల్లలందరికీ అదే పేరు. గోపమ్మ కూడా నిండు కడుపుతో అంతదూరం పోయి, బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటా, ఎన్నటికీ తీయనని మాటిచ్చింది. బిడ్డ బతికాడు. మాట తప్పితే వాడికే ముప్పు అన్న భయం నలభై ఏళ్లయినా ఆమెను వదల్లేదు.

ఆ పూటే చర్చికి నడిచింది. పాస్టరు చిన్నవాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, చెప్పిందంతా విన్నాడు.

"పెద్దమ్మా, నీ మొక్కు నీది. కాదంటలేను. కానీ నీ కొడుకు పాత బతుకిడిసి కొత్తగ పుడుతున్నడు. కొత్త పుట్టుకకు కొత్త పేరుండాలె. చర్చి పుస్తకంల రాసిన గూడ."

గోపమ్మకు ఒళ్లు మండింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి రావచ్చు. ఇంత మర్యాదగా కాదన్నవాణ్ణి ఏమని తిట్టాలి?

ఆదివారం ఊరి పక్క కాల్వ కాడ జనం చేరారు. తెల్ల అంగీ వేసుకుని సైదులు నడుముల్లోతు నీళ్లలో నిలబడ్డాడు. ఒడ్డున ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నుదుట ఇంత బొట్టుతో గోపమ్మ కూడా ఒడ్డునే ఉంది. పాస్టరు చెయ్యెత్తి "డానియల్ అనే నిన్ను" అన్నాడో లేదో, ఆమె కట్టుచీరతోనే నీళ్లలోకి దిగింది.

"ఆగయ్యా. గా పేరు నా కొడుకుది కాదు."

పాట ఆగిపోయింది. సైదులుకు తల కొట్టేసినట్టయింది. "ఇజ్జత్ తియ్యకమ్మా" అని గొణిగి, "ఇంకో దినం చూద్దాం అయ్యగారూ" అంటూ ఒడ్డుకు మళ్లాడు.

గోపమ్మ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. "మునగకుంట బయటికొస్తే కాళ్లిరగ్గొడ్త. తాగుడు మాన్పిచ్చిన దేవుణ్ణి ఇడిసిపెడ్తవా?"

ఒడ్డున ఎవరో నవ్వారు. పాస్టరు నవ్వలేదు. "మరి నీకేం కావాలె పెద్దమ్మా?"

"ముంచు. సైదులు అని ముంచు."

"ఒక్క మొక్కు కోసమేనా?"

అసలు మాట గోపమ్మ ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

"ఈని కంటే ముందు నలుగురయ్యా. ఒక్కరు గూడ ఇరవై ఒకటో దినం చూడలే. పేరు పెట్టే దాక ఆగలే. యాదికొస్తే ఏమని పిలిచి ఏడ్వాల్నో గూడ తెల్వకపాయె. నోరార పిలుసుకున్నది గీ ఒక్కన్నే. గీ పేరు గూడ నువ్వు తీస్కపోతే నేనెవల్ని పిలవాలె?"

నలుగురు పోయారని సైదులుకు తెలుసు. పేర్లు లేకుండా పోయారని తెలియదు. అతను వెనక్కి నడిచి పాస్టరు ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఏసయ్యను ఇడువ. మా అమ్మ పెట్టిన పేరు గూడ ఇడువ. మీరు ముంచేదాక గిట్లనే నిలబడ్త."

పాస్టరు ఒడ్డు మీది పుస్తకం వైపు చూశాడు. తమ వంతు కోసం నిలబడ్డ మిగతావాళ్లను చూశాడు. చీర తడిసి చలికి వణుకుతున్నా దారి ఇవ్వని ముసలమ్మను చూశాడు. చివరికి సైదులు నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"సైదులూ, నీకు బాప్తిస్మం ఇస్తున్నాను."

కొడుకు మునిగాడు. పైన నీళ్లు కమ్ముకున్నాయి. గోపమ్మ ఊపిరి బిగబట్టింది. తల పైకి తేలిందో లేదో, ముక్కు చీదుకోనన్నా చీదుకోనియ్యక, "సైదులూ!" అని కేకేసింది.

"ఆఁ అమ్మా" అన్నాడు నీళ్లు ఉమ్ముతూ.

ఏం పని లేదు, ఊరికే పిలిచింది. మళ్లీ పిలిచింది.