గరాటు చుట్టూ బంతిమొక్కలు

గాలిలోని నత్రజని వాన నీటితో కలిసి నేలమీదికి ఎంత దిగుతోందో కొలవడం గీతిక పరిశోధన. అందుకోసం కడియంలో వెంకటదుర్గగారి నర్సరీ మధ్య ఒక గొట్టం పాతి, పైన గరాటు, కింద సీసా అమర్చింది. వారం వారం రాజమండ్రి నుంచి స్కూటీ మీద వచ్చి సీసా మార్చుకునేది. భోజనం పెట్టకుండా వెంకటదుర్గగారు ఆమెను ఎప్పుడూ కదలనివ్వలేదు.

శ్రావణంలో గీతికకు టైఫాయిడ్ వచ్చింది. ఆ నెలంతా వెంకటదుర్గగారే సీసాలు మార్చి, మూతలు బిగించి ల్యాబ్‌కు పంపించారు. పరీక్షిస్తే నత్రజని ఎన్నడూ లేనంత ఎక్కువగా తేలింది. గైడ్‌గారు సంబరపడ్డారు. గీతికకు నమ్మకం కుదరలేదు. నీరసంగా ఉన్నా కడియం వెళ్లింది.

గరాటు చుట్టూ బంతిమొక్కల కుండీలు నిగనిగలాడుతున్నాయి.

"ఇవెప్పుడు పెట్టారు పిన్నిగారూ?"

"నీ గొట్టం బోడిగా ఉందమ్మా, చూడలేకపోయాను. నువ్వు లేచి తిరిగేసరికి పూలు పూయాలని యూరియా నీళ్లు కూడా కొట్టిస్తున్నాను."

గీతిక అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. యూరియాలో ఉండేది కూడా నత్రజనేనని, ఆ తుంపర గరాటులో పడి ఉంటుందని మెల్లగా చెప్పింది. వెంకటదుర్గగారి మొహం వాడిపోయింది.

"నీ చదువు చెడగొట్టానా తల్లీ?"

గీతికకు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "నాకోసం పూలు పూయించాలనుకున్నది మీరొక్కరే" అంది.

ఆ నెల అంకెలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. గైడ్‌గారు చిరాకుపడ్డారు. మరుసటి ఏడు మళ్లీ కొలవక తప్పలేదు. ఈసారి గరాటు తోటకు దూరంగా ఉన్న వెంకటదుర్గగారి మేడ మీదికెక్కింది.

అక్కడ యూరియా తుంపర పడక పోయినేడంత రాకపోయినా, నత్రజని తక్కువేమీ తేలలేదు.

"ఇందులో నా తోటదెంత?" అని అడిగారు వెంకటదుర్గగారు.

"విడదీసి చెప్పలేమండి. పైన చల్లిన యూరియా కొంత ఆవిరై గాలిలో కలిసిపోతుంది. లారీల పొగ, వరిచేలకు చల్లే ఎరువు, కోళ్లఫారాలు, అన్నీ వానలో కలిసే పడతాయి."

ఆవిడ మర్నాడు ఫోన్ చేశారు.

"యూరియా పైపైన చల్లొద్దని తోటలో పనిచేసే మా దొరబాబుకి చెప్పానమ్మా. మొక్క మొదట్లో మట్టి తీసి, కొంచెమే వేసి కప్పెయ్యమన్నాను. నీ లెక్కలో ఏమైనా తగ్గుతుందా?"

"మీ ఒక్క తోటతో తెలియదండి."

"పోనీలే, తెలియకపోతే. ఆదివారం పనసపొట్టు కూర చేస్తున్నాను. పెందలాడే వచ్చెయ్."