మిగిలిన కోటు గుడ్డ

పదిహేడేళ్లు నన్నొక సందేహం పట్టుకుని వదల్లేదు. నతానియేలు మాస్టారు తన పెళ్లి ఫోటోలో రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడింది భక్తితోనా, నేను కుట్టిన కోటుకు గుండీలు పడకనా?

నేను ఆళ్లగడ్డలో దర్జీని. జిలాని గుడ్డల అంగడి అరుగు మీద మిషను పెట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. చదువు రెండో తరగతితో ఆగింది. ఆదివారం ఆరాధన మాత్రం ఎప్పుడూ ఆగలేదు. మాస్టారు అప్పట్లో మా ఊరి మిషనరీ బడిలో పంతులు. ఈస్టరు అయిన మూడు వారాలకు ఆయన పెళ్లి. మద్రాసు నుంచి తెప్పించిన బూడిద రంగు గుడ్డ ఇచ్చి కోటు కుట్టమన్నారు. నేను కొలతలు తీసుకున్నది ఈస్టరుకు ముందు వారం, మట్టలాదివారం మరునాడు. ఉపవాసాలుండే శ్రమదినాలన్నీ ఆయనది ఒంటిపూట భోజనం. నెలకు పైగా ఉపవాసం ఉన్న మనిషిని కొలిచి, పండగ విందులూ మామగారింటి మర్యాదలూ అందుకున్న మనిషికి కోటు పంపాను.

అంతవరకూ పొరపాటే. ఏ దర్జీ అయినా పక్క కుట్టుల్లో అంగుళం గుడ్డ లోపల వదులుతాడు, ఒళ్లు చేస్తే విప్పి వదులు చేయడానికి. నేను వదల్లేదు. మా ప్రేమకుమారి అప్పుడు రెండు నెలల పిల్ల. మిగిలిన గుడ్డతో దాని బాప్తిస్మానికి చిన్న కోటు కుట్టాను. అది పొరపాటు కాదు.

దేవునితో చెప్పుకున్నాను. మాస్టారుతో చెప్పుకోలేదు. దేవుడు క్షమించాక కూడా మనిషిని అడగాలా అన్నది పాస్టరు గారిని అడుగుదామనుకుంటూనే ముగ్గురు పాస్టర్లను బదిలీ మీద సాగనంపాను.

పెళ్లయిన ఏడాదికే మాస్టారు ఊరు విడిచారు. తర్వాత ఎం.ఏ. చదివి, నంద్యాల చివర పాత బంగళాలో నడిచే చిన్న కాలేజీలో చరిత్ర చెబుతున్నారని విన్నాను. నంద్యాల వెళ్లినప్పుడల్లా ఆ వీధి తప్పించి నడిచేవాణ్ణి.

ఎనభై మూడులో ప్రేమకుమారి ఇంటరు మంచి మార్కులతో పాసయింది. అందరం కర్నూలు పెద్ద కాలేజీ అనుకుంటుంటే, అది నంద్యాల చిన్న కాలేజీ అప్లికేషను తెచ్చి నా మిషను మీద పెట్టింది. సోమవారం ఆఖరు రోజు. తండ్రి సంతకం కావాలి.

"ఆడ ఎంతమంది చదువుతాండారు?" అన్నాను.

"నూటా ఇరవై."

"మన చర్చికి ఆదివారం అంతకంటే ఎక్కువ మంది వస్తారు గదమ్మా."

"ప్రసంగం అయ్యేసరికి మేలుకోనుండేది ఎంతమంది నాయనా?"

"ఆడ సైన్సే లేదంట. చరిత్ర చదివేవాళ్లు గూడా అర్థశాస్త్రమూ తెలుగూ సంగీతమూ అన్నీ నేర్చుకోవాలంట. అన్ని రకాల ముక్కలు అతికితే అది చొక్కా అవుతాదా, బొంత అవుతాదా?"

"బొంత చలికాలం పనికొస్తాది," అని నవ్వి, తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పోయినేడు సండేస్కూలు పోటీలకు పోయినప్పుడు ఆ కాలేజీ సారు నన్నొక ప్రశ్న అడిగినారు. నేను జవాబు వెతుక్కునేదాకా ఊరికే కూచోనుండారు. ఇంతవరకూ నాకోసం ఏ సారూ అట్ల ఆగలే."

"యా సారు?"

"నతానియేలు సారు."

మిషను తొక్కుతున్న నా కాలు ఆగిపోయింది. రెండు రోజులు అప్లికేషను సొరుగులోనే ఉంది. నేను కాలేజీకి రోజుకొక వంక పెడుతూ వచ్చాను.

మూడో రోజు అన్నాలు తినేటప్పుడు మా ఆవిడ సలోమి ఇక పట్టలేకపోయింది. "మీ నాయనకు కాలేజీ చిన్నదని కాదులే పాపా. పెట్టె అడుగున నీ బాప్తిస్మం కోటు ఉండాది, తీసుకురాపో."

కోటు వచ్చింది. కథంతా సలోమే చెప్పింది. ప్రేమ ఆ చిన్న కోటు చేతుల్లోకి రెండు వేళ్లు దూర్చి నా ముందు ఆడించింది.

"అంటే నేను దేవుని దగ్గరికి దొంగ గుడ్డలో పోయినానా?"

"దేవుడు చూడలేదనుకున్నాడు మీ నాయన," అంది సలోమి. "చూసినాడు. అందుకే నిన్ను తీసుకపోయి ఆ సారు ముందరే కూచోబెట్టినాడు."

నేను మజ్జిగ పోసుకున్నాను. ప్రేమ నవ్వు ఆపింది.

"నాయనా, ఆ కాలేజీ నాకు సరిపోదని నీకు నిజంగా అనిపిస్తే చెప్పు, వింటా. సారుకు భయపడి వద్దంటే మాత్రం వినను. రెండూ కలపొద్దు. ఒకసారి వచ్చి చూడు."

శనివారం ఇద్దరం నంద్యాల బస్సెక్కాం. సిరివెళ్ల దాటాక అది నా మెడ వైపు చూసి, "కాలేజీని కొలిచేకి పోతాండావా నాయనా?" అంది. తొందరలో టేపు మెడలోనే వేసుకొచ్చాను. తీసి జేబులో పెట్టుకున్నాను.

కాలేజీ ఆరు గదుల బంగళా. లైబ్రరీలో రెండు బీరువాలు. నాకు కొంచెం సంతోషమే వేసింది, చెప్పడానికి ఒక కారణం దొరికిందని. "చూసినావా, రెండే," అంటుండగానే వెనకనుంచి, "సామ్యేలూ," అని వినిపించింది. మాస్టారు. జుట్టు నెరిసింది. పొట్ట ఇంకాస్త ముందుకొచ్చింది. ప్రేమ వందనాలు చెప్పింది. ఆయన ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టారు.

గొంతు సవరించుకుని అడిగాను. "సార్, కాలేజీ మరీ చిన్నది. మా పిల్లకు ఇరుకైతే ఏం జేయాల?"

ఆయన కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "ఇరుకు గురించి నువ్వు నన్నడుగుతాండావా, సామ్యేలూ?"

పదిహేడేళ్ల సందేహం అక్కడితో తీరింది.

"ఆ పొద్దు మూడు గుండీల్లో ఒకటే పడింది," అన్నారాయన. "పాస్టరు గారు పొడుగు ప్రార్థన చేస్తాంటే ఊపిరి బిగబట్టుకోనుంటి. మా ఇంటామె నేను కన్నీళ్లు ఆపుకుంటాండానని అనుకునింది. ఇప్పటికీ అందరికీ చెప్తాది."

నేను తల వంచుకుని మిగిలిన గుడ్డ సంగతి చెప్పాను. ఆయన ప్రేమ వైపు చూశారు.

"ఆ కోటు తొడిగినప్పుడు పాప ఏడిచిందా?"

"లేదు సార్. నిద్రపోయింది."

"అయితే ఒకరికైనా సరిపోయిందన్నమాట." మళ్లీ అద్దాలు పెట్టుకున్నారు. "అది పక్కన పెట్టు. నువ్వడిగింది మంచి ప్రశ్నే. మాది ఇరుకే. సైన్సు కావాలంటే కర్నూలుకే పంపు, నేనే సీటుకు ఉత్తరం రాసిస్తా."

అప్పుడు ప్రేమ అడిగింది. "పోయినేడు ఈడ ఎంతమంది ఫెయిలైనారు సార్?"

నాకు సిగ్గేసింది. మాస్టారుకు వేయలేదు. "ఏడుగురు," అని వేళ్లు మడవడం మొదలుపెట్టారు. "ఓబయ్యది అవుకు ఊరు. మిరప కోతకు పోయి ఇంగ్లీషు పరీక్షకు రాలేదు. ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొచ్చి చదువుకుంటాండాడు. మహాలక్ష్మికి పెండ్లయింది. మళ్లా పరీక్షకు పంపమని వాళ్ల అత్తను అడిగేకి రెండుసార్లు పోయినా, మూడోసారి పోవాల. యాకోబుకు ఈ కాలేజీ సరిపోలేదు. వాడు ఇనుముతో ఏమైనా చేస్తాడు, పుస్తకంతో చేయలేడు. అది మేం ఆలస్యంగా చూసుకున్నాం, తప్పు మాదే. ఐటిఐలో చేర్పించినాం."

ఏడు వేళ్లూ అయ్యేదాకా ఆగకుండా చెప్పారు. నేను చెడగొట్టిన కోట్లలో నాకు గుర్తున్నది ఒక్కటే. ఆయనకు తనవి ఏడూ గుర్తున్నాయి.

"ఏమమ్మా?" అన్నాను ప్రేమతో.

"ఈడైతే ఫెయిలైనా నంబరుతో కాదు, పేరుతో ఫెయిలవుతా నాయనా."

"అందుకు కాదు పంపేది," అని అప్లికేషను అడిగాను. నా సంతకం చాలాసేపు పడుతుంది, అక్షరాలు కూడబలుక్కోవాలి. మాస్టారు తొందరపెట్టకుండా కూర్చున్నారు. ప్రేమ చెప్పిన ఆగడం ఇదే కాబోలు.

కాగితం ఇచ్చేసి జేబులోంచి టేపు తీశాను. "సార్, ఒకసారి లేచి నిలబడండి."

"ఇప్పుడా?"

"భోజనం చేసినారా?"

"ఇప్పుడే."

"అయితే సరే."

జూలైలో కాలేజీ తెరిచిన రోజు ప్రేమను దిగబెట్టడానికి వెళ్లి, కొత్త కోటు మాస్టారు చేతిలో పెట్టాను. జిలాని అంగడిలో వెతికి వెతికి పట్టిన బూడిద రంగు గుడ్డ. ఆ ఎండలో ఆయన దాన్ని తొడుక్కున్నారు. ఒకటి, రెండు, మూడు. అన్నీ పడ్డాయి. ఆయన గట్టిగా ఒక ఊపిరి తీసి చూసుకున్నారు కూడా.

"పక్కన అంగుళం వదిలినావా?"

"అంగుళంన్నర సార్."

తర్వాత సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. ప్రేమ గుమ్మంలోంచి చూస్తోంది.

"ఇదేంది?"

"మిగిలిన గుడ్డ సార్."

మాస్టారు పొట్లం విప్పారు. ముక్కలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పరిచి, చిన్నవి కూడా వదలకుండా చూసి, మడిచి సొరుగులో పెట్టుకున్నారు.